స్కాట్లాండ్ పల్లెల్లో నలుగురు స్నేహితురాళ్లు: ఎఫ్‌డీ తీయాలా, గ్రాట్యుటీ వచ్చేదాకా ఆగాలా?

రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్ మేడమ్ పంపిన ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"నాకు 60 ఏళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పని చేస్తున్నాను, 1996లో చేరాను కాబట్టి పాత పెన్షనే. రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్లుంది. డిగ్రీలో కలిసి చదువుకున్న నలుగురం వచ్చే మే నెలలో స్కాట్లాండ్ పల్లె ప్రాంతాల్లో ఓ పది రోజులు తీరిగ్గా తిరగాలని, అక్కడి తిండి రుచి చూడాలని అనుకుంటున్నాం. మాలో ఒకరు లీడ్స్‌లో స్థిరపడ్డారు, కారు ఆవిడదే, తనే నడుపుతుంది. ఒకరిది హైదరాబాద్, ఆవిడ శాకాహారి. ఇంకొకరు విశాఖలో ఉంటారు, భర్త పోయారు, ఫ్యామిలీ పెన్షన్ మీదే గడుస్తుంది. నాకు 4 లక్షల ఎఫ్‌డీ మార్చి రెండో వారంలో మెచ్యూర్ అవుతుంది, ఇంకో 9 లక్షలు వేరే ఎఫ్‌డీలో ఉన్నాయి. అప్పుల్లేవు, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. మా అబ్బాయి తలకి 3.9 లక్షల ప్యాకేజీ ఒకటి చూపించాడు. మా వారేమో గ్రాట్యుటీ వచ్చాక చూద్దాం అంటున్నారు. బ్యాంకులో అడిగితే హాలిడే లోన్ ఇస్తామన్నారు. ఏం చేయమంటారు?"

వెళ్లండి మేడమ్. మార్చిలో చేతికొచ్చే ఆ 4 లక్షలే వాడండి, అందులోనూ 3.25 లక్షలు దాటనివ్వకండి, మిగిలిన 75 వేలు మళ్లీ డిపాజిట్‌లో వేసేయండి. నెలనెలా పెన్షన్ వచ్చే ఉద్యోగం, అప్పుల్లేవు, బాధ్యతలు తీరాయి, అత్యవసరానికి 9 లక్షలు విడిగా ఉన్నాయి. ఇంత సర్దుకుని ఉన్న మనిషి కూడా తన డబ్బుతో స్నేహితులతో పది రోజులు గడపడానికి సంకోచిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ 9 లక్షల జోలికి మాత్రం వెళ్లొద్దు.

గ్రాట్యుటీ దాకా ఆగమన్న మీవారి మాటతో నేను ఏకీభవించను. రిటైర్మెంట్ డబ్బు ఖాతాలో పడిన రోజు నుంచే దాని మీద అందరి కళ్లూ ఉంటాయి, ఇంటి రిపేర్లంటారు, మనవడి ఫీజంటారు, బంధువుల చేబదుళ్లంటారు, అప్పుడు మీ ప్రయాణం వరసలో ఆఖరుకి పోతుంది. పైగా కొండవాలుల్లో, రాళ్లు పరిచిన వీధుల్లో నడవాల్సిన ప్రయాణం ఇది. మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లాలి. ఇక లోన్ అయితే అసలు వద్దు. 4 లక్షలు 13 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వడ్డీయే 85 వేల దాకా అవుతుంది, అంటే మీ విమానం టికెట్టుకి సరిపోయే డబ్బు.

ప్యాకేజీ కాగితం మీరు జతచేశారు కదా, శ్రద్ధగా చదివాను. ఎడిన్‌బరో, ఇన్వర్‌నెస్, లాక్ నెస్, స్కై దీవి, ఫోర్ట్ విలియం, గ్లాస్గో, దాదాపు రోజుకో హోటల్. పొద్దున్నే సూట్‌కేసు సర్దడం, బస్సెక్కడం, ఫోటో దిగడం, మళ్లీ బస్సెక్కడం. ప్రతి రాత్రీ ఇండియన్ డిన్నర్ ధరలోనే కలిపేశారు. మీరు రాసింది తీరిగ్గా తిరగాలని, అక్కడి తిండి తినాలని, ఈ కాగితంలో ఆ రెండూ లేవు. పైగా విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. అదే మీరే బుక్ చేసుకుని, విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో డబ్బు వేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఆర్థిక సంవత్సరంలో మనిషికి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు.

ఇలాంటి ప్రయాణంలో డబ్బు ఎక్కువగా పోయేది ఊళ్లు మారడానికి. ఒకచోట నాలుగు రాత్రులు ఉంటే గది బేరం బాగుంటుంది, పెట్రోలు తగ్గుతుంది, ఒంటికీ సుఖం. అందుకే నా సలహా మూడే మకాములు. ఎడిన్‌బరోలో రెండు రాత్రులు, పెర్త్‌షైర్‌లో పిట్లోక్రి దగ్గరో అబర్‌ఫెల్డీ దగ్గరో నాలుగు, పడమటి తీరాన ఓబన్‌లో మూడు. స్కై ఈసారికి వదిలేయండి, దూరం ఎక్కువ, గదులు ఖరీదు, రోడ్డు మీదే రెండు రోజులు పోతాయి. విమానం ఎడిన్‌బరోలో దిగి గ్లాస్గోలో ఎక్కేలా చూసుకుంటే వెనక్కి తిరిగి రావాల్సిన పని ఉండదు. పెర్త్‌షైర్ నుంచి ఓబన్ వెళ్లే దారే ఒక రోజు విహారం. లాక్ టే సరస్సు ఒడ్డునే సాగి, కిలిన్ ఊళ్లో వంతెన కిందుగా రాళ్ల మీద దూకే డోకార్ట్ జలపాతం దగ్గర ఆగి, క్రియన్‌లారిక్, టిండ్రమ్ మీదుగా 'లాక్ ఆ' అనే సరస్సు చివర నీళ్ల పక్కన నిలబడ్డ కిల్‌చర్న్ కోట శిథిలాలు చూసుకుంటూ వెళ్తారు. స్కాట్లాండ్‌లో రోడ్లకు, వంతెనలకు టోల్ లేదు, ఫోర్త్, టే వంతెనల మీద ఉన్నది కూడా 2008లోనే ఎత్తేశారు. కొన్ని దారులు ఒక్క కారు పట్టేంత సన్నగా ఉంటాయి, ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా జాగా వదిలి ఉంటుంది, కాబట్టి మ్యాప్ చూపించే సమయానికి ఇంకో గంట కలుపుకోండి. నలుగురి సామాను ఒకే డిక్కీలో పట్టాలి, మనిషికి ఒక్క మధ్యరకం సూట్‌కేసు మించకూడదు.

ఇప్పుడు లెక్క. పౌండు 125 రూపాయలు అనుకుందాం, ఇవన్నీ నా అంచనాలు. విమానం రానూపోనూ 80 వేలు. వీసా, ఇన్సూరెన్స్, హైదరాబాద్ రాకపోకలు కలిపి 25 వేలు. బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి ఇద్దరుండే గది సగటున 130 పౌండ్లు వేశాను, ఎడిన్‌బరోలో ఎక్కువ ఉంటుంది, పల్లెల్లో తగ్గుతుంది. 9 రాత్రులకు మీ వాటా 585 పౌండ్లు, అంటే 73 వేలు. తిండికి తొమ్మిది రోజులకు రోజుకి 40 పౌండ్లు, అదనంగా మంచి రెస్టారెంట్లో రెండు పూటలకి 60 చొప్పున, మొత్తం 60 వేలు. పెట్రోలు, పార్కింగ్‌లో మీ వాటా 10 వేలు. కోటలు, ఫెర్రీ, డిస్టిలరీ (విస్కీ తయారుచేసే చోటు) టికెట్లకు 19 వేలు. ఇదంతా 2.67 లక్షలు. అనుకోనివాటికి పది శాతం, షాపింగ్‌కు 30 వేలు కలిపితే 3.24 లక్షలు. ఎడిన్‌బరోలో 2026 జులై 24 నుంచి బసల మీద 5 శాతం పర్యాటక పన్ను ఉంది, వరుసగా ఉన్న రాత్రుల్లో మొదటి ఐదింటికే. మీరు ఉండేది రెండు రాత్రులు కాబట్టి భారం పెద్దగా ఉండదు.

ఆగస్టులో పండుగల సీజన్‌కి ఎడిన్‌బరో గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి, వేసవి మధ్యలో మిడ్జ్‌లనే దోమల్లాంటి సన్నటి పురుగులు పడమటి తీరంలో నిలవనీయవు. మే నెల అన్నివిధాలా మంచిది, మీకు కాలేజీ సెలవులు కూడా.

తిండి దగ్గర పిసినారితనం వద్దు, మీరు వెళ్తున్నదే దానికోసం. కాకపోతే పెద్ద భోజనం మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రి ఖరీదుగా ఉండే చోట్లు చాలావాటిలో మధ్యాహ్నం సెట్ మెనూ చవగ్గా దొరుకుతుంది, పల్లెల్లో రాత్రి వంటగది ఎనిమిది, ఎనిమిదిన్నరకే మూసేసే చోట్లు ఎక్కువ. మెనూ మీద రాసిన ధరలో 20 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, మళ్లీ పైన వేయరు. బిల్లు అడుగున సర్వీస్ ఛార్జ్ అని పది, పన్నెండున్నర శాతం కనిపిస్తే దాని పక్కన "డిస్క్రెషనరీ" అని ఉందేమో చూడండి, ఉంటే అది మీ ఇష్టం. అది కట్టాక మళ్లీ టిప్ ఇవ్వక్కర్లేదు. మద్యం లైసెన్సు ఉన్న ఏ చోటైనా కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని అక్కడి చట్టమే ఉంది, బాటిల్ నీళ్లకు డబ్బు పెట్టకండి.

కల్లెన్ స్కింక్ అని పొగబెట్టిన హ్యాడక్ చేప, బంగాళాదుంప, పాలతో చేసే చిక్కటి సూప్ ఉంటుంది, బ్రెడ్‌తో కలిపి పది పౌండ్ల చుట్టూ వస్తుంది, చల్లటి వానరోజు మధ్యాహ్నానికి అది చాలు. ఓబన్ జెట్టీ మీద ఆకుపచ్చ షెడ్డు లాంటి చిన్న కొట్టు ఉంది, లాంగుస్టీన్ రొయ్యలు, ఆయిస్టర్లు, పీతలు అక్కడే నిలబడి తినేయొచ్చు. చేపల పులుసు మీద పెరిగిన గోదావరి మనిషికి ఆ రుచి నచ్చకపోదు. హ్యాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలతో ఉడికించేది. హైదరాబాద్ ఆవిడకి పప్పులు, ఓట్స్‌తో చేసే శాకాహార హ్యాగిస్ చాలాచోట్ల దొరుకుతుంది. వెజిటబుల్ సూప్ అన్నంత మాత్రాన నమ్మొద్దు, చికెన్ స్టాక్ వేశారేమో అడగాలి. బ్రేక్‌ఫాస్ట్‌లో సాసేజ్ సాధారణంగా మాంసంతో, నల్లటి పుడింగ్ జంతువుల రక్తంతో చేసేవి, కాబట్టి గది బుక్ చేసేటప్పుడే ఆవిడ సంగతి రాసి చెప్పండి.

విస్కీ గురించి, ముఖ్యంగా లీడ్స్ ఆవిడకి ఇది చూపించండి. ఇంగ్లండ్‌లో డ్రైవరుకి వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా అనుమతి ఉంటే, స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి అది 50 మాత్రమే. లీడ్స్ లెక్కతో ఒక గ్లాసు తాగి స్టీరింగ్ పట్టుకుంటే కనీసం ఏడాది లైసెన్సు పోతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కారు ఇన్సూరెన్స్ ప్రీమియం మోత. కాబట్టి కారు తీసే రోజు ఆవిడ అసలు ముట్టుకోకపోవడమే మంచిది. పిట్లోక్రిలో బ్లెయిర్ అథోల్ డిస్టిలరీ, ఓబన్‌లో 1794 నాటి డిస్టిలరీ ఊళ్లోనే ఉన్నాయి, కారు బయటికి తీయని రోజు నడిచి వెళ్లి నలుగురూ నింపాదిగా చూడొచ్చు. మల్ దీవికి ఓబన్ నుంచి ఫెర్రీ ఎక్కే రోజు కూడా కారు ఇక్కడే వదిలేయండి, మనుషులు మాత్రమే వెళ్తే ఛార్జీ చాలా తక్కువ.

ఇంతకన్నా పెద్ద విషయం మీ విశాఖ స్నేహితురాలిది. మీకు, హైదరాబాద్ ఆవిడకి 3.25 లక్షలు నొప్పి తెలియకపోవచ్చు, ఆవిడకి తెలుస్తుంది, పైకి చెప్పరు. ఎంత పెట్టగలదో ముందు ఆవిడనే అడగండి, అదీ గ్రూపులో కాదు, మీరొక్కరే ఫోన్ చేసి. 2.8 లక్షలంటే ప్రయాణాన్ని దాని చుట్టూనే అల్లండి, పది రోజులు ఎనిమిదవుతాయి, ఖరీదైన భోజనాలు రెండు ఒకటవుతుంది. మిగిలింది మేం వేసుకుంటాం అని దయచేసి అనొద్దు, స్నేహితుల మధ్య ఆ మాట వల్ల వచ్చే ఇబ్బంది ప్రయాణమంతా పక్కనే కూర్చుంటుంది. మొదటిరోజే తలా 200 పౌండ్లు ఒక ఉమ్మడి పర్సులో వేయండి, మామూలు తిండి, టీ, టికెట్లు అందులోంచి, అయిపోతే మళ్లీ సమానంగా. మద్యం, షాపింగ్, ఖరీదైన భోజనం ఎవరివి వాళ్లవి. పెట్రోలు, పార్కింగ్ మాత్రం మీ ముగ్గురే పెట్టుకోండి, కారూ లీడ్స్ ఆవిడదే, శ్రమా ఆవిడదే.

"అన్నీ నా కార్డు మీద పెడతా, తర్వాత ఇండియాలో మా అన్నయ్య ఖాతాలో రూపాయలు వేసేయండి" అని లీడ్స్ ఆవిడ ప్రేమగా అనొచ్చు. ఒప్పుకోకండి. విదేశీ మారక నిబంధనల పరంగా అది ఆవిడనీ మిమ్మల్నీ చిక్కుల్లో పెట్టే పద్ధతి. మీ వాటా మీ ఫారెక్స్ కార్డుతో అక్కడే కట్టేయండి. మామూలు క్రెడిట్ కార్డు వాడితే మూడు, మూడున్నర శాతం మార్కప్ అనే అదనపు ఛార్జీ, దానిపై జీఎస్టీ పడుతుంది, అత్యవసరానికి ఉంచుకోండి చాలు. కార్డు మిషన్ మీద రూపాయల్లోనా పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. స్కాట్లాండ్ బ్యాంకులు ముద్రించే నోట్లు మిగిలితే ఇక్కడ మార్చుకోవడం కష్టం, అక్కడే ఖర్చుపెట్టేయండి. టూరిస్టులకు వ్యాట్ వాపసు 2020 చివర్లోనే ఆపేశారు, కాబట్టి కాష్మీర్ శాలువా ధర చూసేటప్పుడు కొంత వెనక్కొస్తుందని లెక్కేయొద్దు.

వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, నిర్ణయం మామూలుగా మూడు వారాల్లో వస్తుంది. మే మధ్యలో ప్రయాణమైతే ఫిబ్రవరి మధ్యలో వేయండి. కాలేజీ నుంచి విదేశీ ప్రయాణానికి అనుమతి పత్రం ఇప్పుడే పెట్టండి, మన ఆఫీసుల్లో ఫైలు కదలడానికి టైం పడుతుంది. స్టేట్‌మెంట్ బాగా కనిపించాలని ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో లక్షలు వేయకండి, ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. మీ జీతం, రెండు ఎఫ్‌డీ రసీదులు చాలు. గదులు మాత్రం రద్దు చేసుకునే వీలున్నవి ఇప్పుడే పట్టుకోండి. వీసా చేతికొచ్చే సమయానికి మార్చిలో మీ ఎఫ్‌డీ కూడా మెచ్యూర్ అవుతుంది, విమానం టికెట్ అప్పుడు కొనండి, అదేరోజు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అక్కడ ఎమర్జెన్సీ విభాగంలో చూడటానికి డబ్బు తీసుకోకపోయినా, వార్డులో చేర్చుకుంటే విదేశీ సందర్శకులకు బిల్లు వేస్తారు. అందుకని బీపీ, షుగర్ ఏదున్నా ఫారంలో దాచకుండా రాయండి, మీ ముగ్గురూ.