సిద్ధూకి: పాటకీ వీడియోకీ ఒకే కంప్యూటర్ కొనేటప్పుడు

చి. సిద్ధూకి ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ చూశాను. ప్రాసెసర్ దగ్గర ‘ఐ5-12400ఎఫ్’ అని రాశారు. ముందు ఆ ఎఫ్ తీయించు. ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో బొమ్మ చూపే గ్రాఫిక్స్ భాగం ఉండదు. ‘వేరే గ్రాఫిక్స్ కార్డు పెడుతున్నాం కదా, డబ్బులు మిగులుతాయి’ అంటారు షాపులో. గేములు ఆడేవాడికైతే ఆ మాట సరైనదే, నీకు కాదు.

మీ స్నేహితుడి సోనీ కెమెరాలో 4:2:2 10-బిట్ (రంగుల వివరం ఎక్కువగా దాచే రకం) హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి)లో తీస్తున్నానన్నావు. ఎన్వీడియా కార్డుల్లో 50 సిరీస్‌కి ముందువేవీ ఆ రకం ఫైల్‌ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు, అంటే తమంతట తాము విప్పి చూపలేవు. బరువంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది, టైమ్‌లైన్ మీద వేలు పెడితే బొమ్మ అతుక్కుపోతుంది. ఎఫ్ లేని 12400లోని చిన్న గ్రాఫిక్స్ ఆ పని సునాయాసంగా చేసేస్తుంది. అయితే 4:2:2నే హెచ్.264లో తీస్తే అదీ చేతులెత్తేస్తుంది, కాబట్టి కెమెరాలో హెచ్.265నే ఎంచుకోండి. ఇంకొక సంగతి. కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల తెర) ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ అన్నదాన్ని ఆన్ చేయించు. అప్పటికీ నత్తనడకే అయితే 1080పీ ప్రాక్సీలు (తేలికపాటి నకళ్లు) చేసుకుని ఎడిట్ చెయ్యి, చివర్లో అసలు ఫైళ్లకి మార్చు.

మదర్‌బోర్డు హెచ్610 వద్దు, బీ760 తీసుకో. హెచ్610లో ర్యామ్‌కి రెండే స్లాట్లు, ఎస్ఎస్‌డీ స్లాటు చాలా బోర్డుల్లో ఒక్కటే. ర్యామ్ 32 జీబీ, అదీ 16 జీబీవి రెండు. ఒక్కటే 32 పెడితే మెమరీ సగం వేగంతో నడుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. పక్కపక్కన పెట్టేస్తుంటారు, దగ్గరుండి చూడు.

డిస్కు విషయంలో లెక్క వేసుకో. 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) వీడియో గంటకి 45 జీబీ. 48 కిలోహెర్ట్జ్, 24-బిట్ ఆడియో ఒక ట్రాక్ గంటకి సుమారు 520 ఎంబీ, అంటే పది ట్రాకులు కలిపినా సుమారు 5.2 జీబీయే. చోటు తినేది పాట కాదు, వీడియో. విండోస్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ), నడుస్తున్న ప్రాజెక్టులకి వేరుగా 1 టీబీ ఎన్‌వీఎంఈ, పూర్తయినవి దాచడానికి మామూలు హార్డ్‌డిస్కు. హార్డ్‌డిస్కు కంప్యూటర్ లోపల వద్దు, బయటిది కొను. లోపల తిరిగే డిస్కు రొద మైకులోకి వస్తుంది.

మైకు ఆ గదిలోనే ఉంటుంది కనుక, కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉండటం దాని వేగం కంటే ముఖ్యం. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న ఫ్యాన్ పక్కన పెట్టి 120 ఎంఎం టవర్ కూలర్ బిగించు. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే సెట్టింగు) మార్చి, 60 డిగ్రీల దాకా నెమ్మదిగా తిరిగేలా పెట్టు. కార్డియాయిడ్ మైకు వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువ తీసుకుంటుంది, కాబట్టి దాని వీపు కంప్యూటర్ వైపు ఉంచి పాడు.

హెడ్‌ఫోన్‌లో సన్నగా ‘మ్‌మ్‌’ అని హమ్ వస్తే, కేబినెట్ ఇనుము మీద చెయ్యి వేసి చూడు. వేలికి జివ్వుమన్నా, హమ్ మారినా సాకెట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవచ్చు. మైకుని తప్పుపట్టకు, ఎలక్ట్రీషియన్‌ని పిలువు. కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), స్పీకర్లు ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. యూపీఎస్ తప్పనిసరి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే ఫైల్ తెరుచుకోదు.

ఇంటర్‌ఫేస్‌కి కంపెనీవాళ్లిచ్చే ఏఎస్ఐఓ డ్రైవరే (శబ్దం ఆలస్యం తగ్గించేది) వెయ్యి. పాడేటప్పుడు బఫర్ (శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే చోటు) 128 శాంపిల్స్, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. మిక్సింగ్‌లో 1024కి పెంచు, 21 మిల్లీసెకన్లు ఆలస్యమైనా అప్పుడు పర్వాలేదు. టపటపమని చిటుకులు వినిపిస్తే ప్రాసెసర్ చాలలేదనుకుని ఇంకోటి కొనకు. లేటెన్సీమాన్ (ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే సాఫ్ట్‌వేర్) నడిపి చూడు, చాలాసార్లు దొరికే దొంగ వైఫై డ్రైవర్. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపు, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది) తీసెయ్. ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా వెనకాల మదర్‌బోర్డు మీదున్న పోర్టుకే గుచ్చు.

ఫోన్‌తో తీసిన వీడియోకి నీ పాట అతికిస్తే మొదట్లో పెదాలు కలుస్తాయి, చివరికొచ్చేసరికి తప్పుతాయి. ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండకపోవడమే కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చాకే టైమ్‌లైన్ మీదకి తీసుకురా.

గ్రాఫిక్స్ కార్డుకి మెమరీ 8 జీబీ ఉంటే 4కె పనికి చాలు. మానిటర్ ఐపీఎస్ రకం (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది) చూసుకో. బడ్జెట్ దాటితే కార్డు ఒక మెట్టు తగ్గించు గానీ కూలర్, యూపీఎస్, రెండో ఎస్ఎస్‌డీ మాత్రం వదలకు. కార్డు తర్వాత మార్చుకోవచ్చు.

శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపుల సముదాయం) వెళ్తానన్నావుగా. కొత్త కొటేషన్ చేతికొచ్చాక డబ్బు కట్టేముందు ఫొటో తీసి పంపు.

మీ బాబాయ్