బాగోబో నార వస్త్రం: అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో వైద్యవిద్య చదువుతున్న మీ అమ్మాయి సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి బాగోబో తెగవారి వస్త్రం ఒకటి తెస్తానంటోందని, అది ఎలాంటిదో, అంత ధర ఎందుకో, అసలైనదో కాదో ఎలా పోల్చుకోవాలో చెప్పమని అడిగారు. నేను అదే నగరంలో ఐదేళ్లు చదువుకున్నాను. పుట్టి పెరిగింది పుట్టపాకలో, ఇక్కత్ నేసే ఇంట్లో. ఈ రెండు నేతల మధ్య ఉన్న చుట్టరికం నాకు బాగా తెలుసు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

బాగోబోలు దక్షిణాన ఉన్న మిందనావ్ దీవిలో, ఆ దేశంలోకెల్లా ఎత్తయిన అపో పర్వతం (2,954 మీటర్లు) చుట్టుపక్కల ఉండే ఆదివాసులు. వారిలో తగబావా, క్లాటా వంటి శాఖలు ఉన్నాయి. వారు నేసే వస్త్రాన్ని ఇనబల్ అంటారు. అది పత్తితోనో పట్టుతోనో నేసినది కాదు, అబాకా అనే మొక్క నారతో నేసినది. అబాకా మన అరటికి దగ్గరి చుట్టం. చూడటానికి అచ్చం అరటిచెట్టులాగే ఉంటుంది. మన ఊళ్లలో పూలమాలలు కట్టడానికి అరటి నార వాడతాం కదా, అలాగే అబాకా బోదె పొరలను చీల్చి, గీకి, సన్నని పోగులుగా తీస్తారు. గత శతాబ్దం తొలి రోజుల్లో అమెరికన్లు, జపనీయులు దావావ్ నేలల్లో పెద్దపెద్ద తోటలు వేసింది ఓడల తాళ్ల కోసం ఎగుమతి అయ్యే ఈ నార కోసమే. తాళ్లు పేనే ఆ నారనే బాగోబో స్త్రీలు ఒంటికి కట్టుకునేంత నాజూకైన బట్టగా మార్చారంటే వారి పనితనం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఈ నారను పత్తిలాగా వడకరు. ఒక్కొక్క పోగు కొసను మరో పోగు కొసకు చేత్తో ముడివేస్తూ, ముడి దగ్గర మిగిలిన కొసలను కత్తిరిస్తూ పొడవాటి దారం చేస్తారు. తరువాత పడుగును, అంటే నిలువు పోగులను, చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోట్లలో మైనం పూసిన దారంతో గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. మా ఇంట్లో ఈ పనినే చిటికి కట్టడం అంటాం. మేము సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో కడతాం, అంతే తేడా. నలుపు కోసం మన తునికి జాతికే చెందిన ఒక చెట్టు ఆకులను, ఎరుపు కోసం నోని చెట్టు వేరును ఉడికిస్తారు. మన దగ్గర నోని అంటే సీసాల్లో అమ్మే రసమే గుర్తుకొస్తుంది కానీ, దాని వేరులో అంత గాఢమైన ఎరుపు ఉంటుందని నేను అక్కడికి వెళ్లాకే తెలుసుకున్నాను.

ఏటా ఆగస్టులో దావావ్‌లో జరిగే కదయావన్ ఉత్సవంలో ఒక పెద్దావిడ నేస్తుంటే పక్కనే కూర్చుని ఒక పూటంతా చూశాను. మా గుంట మగ్గంలాంటిది కాదు అది. పడుగు ఒక కొసను ఇంటి దూలానికి కట్టి, రెండో కొసను ఆమె తన నడుము వెనుక పట్టీకి తగిలించుకుంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే ఆమె నడుమే మగ్గంలో సగం. నేత పూర్తయ్యాక బట్టను గవ్వతో నొక్కి రుద్దుతారు. వంచిన వెదురు కర్రకు బిగించిన గవ్వ గట్టిగా ఒత్తుతూ కదులుతుంటే, గరుకైన నారబట్ట క్రమంగా నునుపెక్కి పట్టులా మెరుస్తుంది.

ధర సంగతికి వస్తే, దావావ్ దెల్ సుర్ రాష్ట్రంలోని బన్సలాన్‌కు చెందిన సలింతా మోనోన్ అనే నేతగత్తె గురించి చెప్పాలి. పన్నెండేళ్ల వయసులో తల్లి దగ్గర నేర్చుకున్న ఆమెకు 1998లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకు ఇచ్చే అత్యున్నత గౌరవమైన ‘గవాద్ సా మన్లిలిఖా నాంగ్ బాయాన్’ లభించింది. మూడున్నర మీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బట్ట నేయడానికి అంతటి నిపుణురాలికే మూడు నాలుగు నెలలు పట్టేది. మొసలి రూపాన్ని తలపించే ‘బినువాయా’ నమూనా అంటే ఆమెకు ప్రాణం. కట్టడానికి అన్నింటికంటే కష్టమైన వాటిలో అది ఒకటి. ఆమె 2009లో కన్నుమూశారు. ఒక్క బట్టకే ఇన్ని నెలల శ్రమ పడుతుంది కాబట్టి, దయచేసి బేరం చేయవద్దని మీ అమ్మాయికి చెప్పండి.

ఈ బట్టతో స్త్రీలు గొట్టంలా కుట్టిన పావడ కట్టుకుంటారు. నడుము మగ్గం మీద వెడల్పాటి బట్ట రాదు కనుక పలకలుగా నేసి కలిపి కుడతారు; వాటిలో మధ్య పలకను తల్లి అని, పక్క పలకలను పిల్లలు అని పిలుస్తారు. ఈ పేర్లు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పురుషులు మోకాళ్ల వరకు వచ్చే లాగులు, పూసలతోను, ముత్యపుచిప్ప బిళ్లలతోను అలంకరించిన పొట్టి చొక్కాలు వేసుకునేవారు. సంచులకు చిన్నచిన్న ఇత్తడి మువ్వలు కుట్టేవారు. పూర్వం దుస్తుల రంగు హోదాను కూడా తెలిపేది. ఇద్దరు శత్రువులను చంపిన యోధుడే తెల్లని చుక్కల నమూనా ఉన్న చాక్లెట్ రంగు తలగుడ్డ కట్టాలి. నలుగురిని చంపితే ఎర్రని లాగు, ఆరుగురిని చంపితే నిలువెల్లా ఎరుపు ధరించే అర్హత వచ్చేదని 1913లో అచ్చయిన తన అధ్యయనంలో అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఫే-కూపర్ కోల్ నమోదు చేశారు.

ఇక అసలు, నకిలీల విషయం. మొదటి సంవత్సరంలో నేను ఒక దుకాణంలో చేతినేత అని నమ్మి ఎరుపు, నలుపు బట్ట ఒకటి కొని ఇంటికి తెచ్చాను. మా నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసి, “ఇది అచ్చు వేసింది, బిడ్డా” అన్నది. వెనుక వైపు రంగు వెలిసినట్టు ఉంది. దారానికే రంగు వేసి నేస్తే రెండు వైపులా నమూనా ఒకేలా ఉంటుంది. పైగా ఆ నమూనా అంచులు గీత గీసినట్టు ఉండవు, కొద్దిగా చెదిరి ఈకలా కనిపిస్తాయి. మరుసటి ఏడు నేసిన ఆవిడ దగ్గరే చిన్న ముక్క కొన్నాను. నాయనమ్మ కళ్లు మూసుకుని బొటనవేలితో నిమిరి, నువ్వుగింజంత ముడి తగిలిన చోట ఆగి, “ఇగో, ఇక్కడ అతికింది” అన్నది. మీ అమ్మాయి కూడా బట్టను తిరగేసి చూడాలి, ముడుల కోసం నిమిరి చూడాలి, వెడల్పు కొలవాలి. మీటరు వెడల్పున ఎక్కడా కుట్టు లేకుండా ఉంటే అది నడుము మగ్గం మీద నేసినది కాదు.

చాలా దుకాణాల్లో అబాకా బట్ట ఏదైనా తినాలక్ అనే చెబుతారు. తినాలక్ సెబు సరస్సు ప్రాంతపు తిబోలి తెగవారిది. అదీ గొప్ప నేతే, కానీ వేరు. కాబట్టి ఏ ఊరివారు, ఏ తెగవారు నేశారో అడిగి రాసుకుని రమ్మనండి. తెచ్చేటప్పుడు మాత్రం మడత పెట్టనివ్వకండి, మడత మీద నార విరుగుతుంది. అట్టగొట్టానికి చుట్టి చేతిసంచిలో పెట్టుకోమనండి.