బడ్డీ గై తొలి పదేళ్ళు: సెషన్ పని మేలు చేసిందా, అడ్డుపడిందా?

చికాగోలోని రికార్డు కంపెనీ చెస్ రికార్డ్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఇతరుల పాటల వెనక గిటారు వాయించే సెషన్ పని వల్ల, బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాట సంప్రదాయం) గిటారిస్టు బడ్డీ గై నష్టపోయాడా, లాభపడ్డాడా అని మీరు అడిగారు. పేరు విషయంలో నష్టపోయాడు, చేతి విషయంలో లాభపడ్డాడు అని నా అభిప్రాయం. హైదరాబాదు స్టూడియోలలో తొమ్మిదేళ్ళపాటు కాల్‌షీట్ల లెక్కన గిటారు వాయించి బతికినవాణ్ణి కనుక, ఈ రెండూ ఒకే మనిషికి ఒకే పూట ఎలా జరుగుతాయో నాకు కొంత తెలుసు.

గై 1936లో లూసియానా రాష్ట్రంలోని లెట్స్‌వర్త్ అనే పల్లెలో, పత్తి పొలాన్ని పాలుకు చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. కిటికీ దోమతెరలోని తీగలు పీకి చేసుకున్న వాయిద్యం మీద మొదలుపెట్టి, కుర్రతనంలో బాటన్ రూజ్ నగరానికి చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఊడ్చే తుడిచే పని చేస్తూ, రాత్రిళ్ళు స్థానిక బృందాలతో వాయించేవాడు. సభాపిరికితనం ఎంతంటే, మొదట్లో జనానికి వీపు తిప్పి వాయించినందుకు ఉన్న అవకాశం కాస్తా పోయిందని తానే చెప్పుకున్నాడు. తరువాతి కాలంలో వంద అడుగులకు మించిన వైరు తగిలించుకుని, వాయిస్తూనే క్లబ్బు దాటి వీధిలోకి నడిచినవాడు కూడా ఇతనే. ఆ వైరు ఉపాయం గిటార్ స్లిమ్ అనే బ్లూస్ గిటారిస్టును చూసి నేర్చినది.

1957 సెప్టెంబరు 25న చికాగోలో రైలు దిగాడు. ఆ తేదీని పుట్టినరోజులాగా ఎప్పుడడిగినా తడుముకోకుండా చెబుతాడు. పని దొరకక, తిండి లేక, తిరిగి ఊరికి పోదామనుకుంటున్న దశలో 47వ వీధిలోని 708 క్లబ్బులో ఓటిస్ రష్ అనే గిటారిస్టు అతనికి వేదిక మీద చోటిచ్చాడు. అక్కడికి వచ్చిన పేరున్న బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ కారులో కూర్చోబెట్టి సలామీ సాండ్‌విచ్ తినిపించాడన్నది గై వందసార్లు చెప్పిన కథ; ఆకలిగా ఉన్నవాడికి ఎవరు ఏమి పెట్టారన్నది మరపుకు రాదు కాబట్టి, నేను దాన్ని నమ్ముతాను. 1958లో కోబ్రా అనే రికార్డు కంపెనీ వారి అనుబంధ లేబుల్ ఆర్టిస్టిక్‌కు రెండు సింగిల్స్ (చిన్న రికార్డులు) చేశాడు. మరుసటి ఏడాది ఆ కంపెనీ మూతపడింది. 1960లో చెస్‌లో చేరాడు.

చెస్‌లో అతనికి ఎదురైన చిక్కు విచిత్రమైనది. క్లబ్బులో యాంప్లిఫయరును గట్టిగా పెంచి, తీగను ఆఖరిదాకా లాగి, ఫీడ్‌బ్యాక్‌ను (స్పీకరు శబ్దం తిరిగి గిటారులోకి చేరి పుట్టే కూతను) కూడా వాయిద్యంలో భాగం చేసుకుని వాయించేవాడు. యజమాని లియోనార్డ్ చెస్‌కు అది రొద. అందువల్ల స్టూడియోలో అతని సొంత రికార్డులను కూడా అదుపులో పెట్టి చేయించి, మిగిలిన రోజుల్లో ఇతరుల పాటలకు పిలిచేవారు. గాయకుడు హౌలిన్ వుల్ఫ్ 1964లో చేసిన ‘కిల్లింగ్ ఫ్లోర్’లో గిటారిస్టు హ్యూబర్ట్ సమ్లిన్ పక్కన రెండో గిటారు ఇతనిదే. లిటిల్ వాల్టర్‌కు, సన్నీ బాయ్ విలియమ్సన్‌కు, కోకో టేలర్‌కు కూడా వాయించాడు. ఆ సొమ్ము ఇల్లు గడవడానికి చాలదు కనుక, ఆ దశకంలో చాలాకాలం పగటిపూట చెడిపోయిన కార్లను లాక్కెళ్ళే ట్రక్కు నడిపాడు.

మీ ప్రశ్నకు అసలైన జవాబు 1963 సెప్టెంబరులో రికార్డు చేసిన మడ్డీ వాటర్స్ ఆల్బమ్ ‘ఫోక్ సింగర్’లో ఉంది. కరెంటు గిటారు లేని, పాతకాలపు పల్లె పద్ధతిలో సాగే రికార్డు కోసం మిసిసిపీ నుంచి ఎవరైనా పెద్దవయసువాణ్ణి తెమ్మని లియోనార్డ్ అడిగితే, మడ్డీ ఇరవై ఏడేళ్ళ గైని తీసుకొచ్చాడట. విల్లీ డిక్సన్ బాస్, క్లిఫ్టన్ జేమ్స్ డ్రమ్స్, రెండు అకూస్టిక్ గిటార్లు, అంతే. మడ్డీ ఒక పాదం పాడి ఆగినచోట గై రెండు మూడు స్వరాలు మాత్రం పలికించి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. క్లబ్బులో గోడలు అదరగొట్టే మనిషి ఇక్కడ మౌనాన్ని కూడా లెక్కపెట్టి వాడుతున్నాడు.

ఆ లెక్క నాకు తెలియడానికి ఒక దెబ్బ తగలవలసి వచ్చింది. స్టూడియోలో మొదటి ఏడాది, ఒక పాట చరణం వెనక వాయించమంటే నాకు వచ్చిన విద్యనంతా కుమ్మరించాను. నాలుగో టేకు తరువాత గాజు అద్దం అవతలి నుంచి సంగీత దర్శకుని సహాయకుడు, “బాబూ, ఆ అమ్మాయి ఊపిరి తీసుకునేచోట కూడా నువ్వే ఉన్నావు” అన్నారు. హెడ్‌ఫోన్‌లో గాయని గొంతును కాస్త పెంచమని అడిగి, ఐదో టేకులో సగానికి పైగా స్వరాలు వదిలేశాను. అది ఓకే అయింది. సీడీ వచ్చాక అట్ట మీద నా పేరు కోసం వెతికాను. వాయిద్యకారుల పేర్లు అసలు వేయనే లేదు.

పేరు పోవడంలో గై అనుభవం ఇంకా తమాషాగా ఉంటుంది. 1965లో బ్లూస్ గాయకుడు జూనియర్ వెల్స్ డెల్‌మార్క్ కంపెనీకి ‘హూడూ మ్యాన్ బ్లూస్’ చేసినప్పుడు, చెస్ ఒప్పందం అడ్డువస్తుందన్న అనుమానంతో తొలి ముద్రణల మీద గిటారిస్టు పేరును ‘ఫ్రెండ్లీ చాప్’ అని వేశారు. ఆ రికార్డింగు నడుమ అతని యాంప్లిఫయరు మొరాయిస్తే, గిటారును హామండ్ ఆర్గాన్‌కు వాడే, లోపల గిర్రున తిరుగుతూ శబ్దాన్ని వణికించే లెస్లీ స్పీకరుకు కలిపి కొంత భాగం పూర్తిచేశారు. కొన్ని పాటలలో గిటారు నీటి అడుగు నుంచి తేలివస్తున్నట్టు వణుకుతూ వినిపించేది అందుకే.

చెస్ అతనికి సొంత ఆల్బమ్ విడుదల చేసేసరికి 1967 వచ్చింది. అప్పటికి అదే రొదను బ్రిటన్ కుర్రాళ్ళూ, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్సూ వాయించి అమ్ముకుంటున్నారు. లియోనార్డ్ తనను పిలిపించి, వంగి నిలబడి, “ఇన్నాళ్ళూ నీ మాట విననందుకు నన్ను తన్ను” అన్నాడని గై చెబుతాడు. తన్నలేదు గానీ, వాన్‌గార్డ్ కంపెనీకి మారి 1968లో ‘ఎ మ్యాన్ అండ్ ద బ్లూస్’ ఇచ్చాడు. గట్టిగా వాయించే స్వేచ్ఛ దొరికిన ఆ ఆల్బమ్‌లో కూడా, పాదానికీ పాదానికీ మధ్య అతను ఎంతసేపు ఆగుతాడో ‘ఫోక్ సింగర్’ విన్న వెంటనే విని చూడండి.