చెల్లెకు, నీ జూ గ్రాంటు దరఖాస్తు చదివాక

చెల్లె,

పాకాల అడవిలో అలుగులను, అదే ఒంటినిండా పొలుసులుండే పంగోలిన్లను, లెక్కపెట్టడానికి జూ వాళ్లను డబ్బు అడుగుతూ నువ్వు రాసిన 14 పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రిపూట, నిద్రొచ్చింది. రెండోసారి పొద్దున చాయ్ తాగుతూ చదివితే 11వ పేజీ దగ్గర ఆగిపోయాను. పాకాల దగ్గర ఒక గొర్ల కాపరి సాయంత్రం అలుగు బొరియ మూతికి అడ్డంగా నాలుగు సన్న పుల్లలు గుచ్చి ఇంటికి పోతాడని, తెల్లారి వచ్చి చూస్తే పుల్లలు పడిపోయి ఉంటే రాత్రి ఏదో ఒకటి అందులోంచి కదిలినట్టని, అలాగే నిలబడి ఉంటే బొరియ ఖాళీదన్నా కావాలి, అది లోపలే ముడుచుకుని పడుకునన్నా ఉండాలని రాశావు చూడు, అదీ నీ ప్రాజెక్టు. దాన్ని తీసుకుపోయి 11వ పేజీలో దాచి, మొదటి పేజీని "నేడు భూగోళం తీవ్ర జీవవైవిధ్య సంక్షోభంలో ఉంది" అంటూ మొదలుపెట్టావు. ఆ సంగతి జూ వాళ్లకు తెలియదా? వాళ్ల దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో సగం అలాగే మొదలవుతాయి.

కాకతీయుల చరిత్ర అరపేజీ కూడా తీసెయ్. పాకాల 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు అని ఒక్క వాక్యం ఉంటే చాలు. తీసేయమనడానికి నాకూ మనసొప్పడం లేదు, మన ప్రాంతపు గొప్ప కదా. కానీ ఈ చిన్న గ్రాంట్లు ఎక్కువగా ఇచ్చేది అమెరికా, యూరప్ జూలు, ఇచ్చేది కూడా చాలావరకు కొన్ని వేల డాలర్లే. చదివే కమిటీలో జంతువులకు రోజూ మేత పెట్టేవాళ్లు, వాటి డాక్టర్లు కూడా ఉండొచ్చు. వాళ్లు మన అడవి చూడలేదు గానీ జంతువు సంగతి తెలిసినవాళ్లు. చీమలూ చెదలూ తిని బతికే, నోట్లో ఒక్క పన్ను లేని, రాత్రి తప్ప బయటికి రాని జంతువును నువ్వు ఎలా లెక్కపెడతావన్నదే వాళ్ల అనుమానం. పుల్లల సంగతి మొదటి పేరాలో పెడితే ఆ అనుమానం అక్కడే సగం తీరుతుంది, మిగతా సగం కెమెరాలతో తీరుస్తానని రాయి.

పేరు దగ్గర జాగ్రత్త. మన దగ్గర అలుగంటే ముందు గుర్తొచ్చేది చెరువు మత్తడే, నిండితే నీళ్లు పొంగి దుంకే చోటు. ఊళ్లలో సర్వే చేస్తూ "అలుగు చూశారా?" అని అడిగితే సగం మంది "ఈసారి మంచిగ దుంకింది" అంటారు. నవ్వకు, నాకు అయింది. అందుకే ఫొటో చూపించి అడుగుతానని పద్ధతుల్లో రాయి, దరఖాస్తులో మాత్రం ఇండియన్ పంగోలిన్ అనే వాడు, పక్కన శాస్త్రీయ నామం వెయ్యి. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్రజాబితాలో ప్రమాదంలో ఉన్న జంతువుగా ఉందనీ, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉందనీ, 2017 నుంచి వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందమైన సైటిస్ మొదటి అనుబంధంలోకి వచ్చి అంతర్జాతీయ వ్యాపారం నిషేధమైందనీ రెండు లైన్లలో చెప్పి ముందుకు పో.

మ్యాపు చూసి మాత్రం నాకు భయం వేసింది. ప్రతి బొరియకూ చుక్క పెట్టావు. పొలుసుల కోసం అలుగును పట్టుకునేవాళ్లున్నారు, దరఖాస్తు ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. మండలం వరకు చూపించు, అంతే. ఫోన్లో తీసిన ఫొటోల్లో లొకేషన్ దాగి ఉంటుంది, అది కూడా తీసేసి పంపు.

ఇక బడ్జెట్. నా మొదటి దరఖాస్తు ఎలుగుబంట్ల మీద. అందులో "ఇతర ఖర్చులు: 60 వేలు" అని రాస్తే తిరిగొచ్చిన జవాబు ఒక్కటే లైను: ఇతర అంటే ఏమిటి? నా దగ్గర సమాధానం లేదు, గ్రాంటూ రాలేదు. నువ్వూ అదే పని చేశావు. ఆరు కెమెరాలు, ఒక్కోదానికి ఎనిమిది పెన్సిల్ సెల్లులు, అంటే ఒక్కసారి మార్చాలంటే 48. ఏడాదిలో ఎన్నిసార్లు మారుస్తావు? నర్సంపేట నుంచి బండి మీద నెలకు ఎన్ని తిరుగుళ్లు, పెట్రోలు ఎంత? ఇవి రాస్తే నువ్వు నిజంగా అడవికి పోయే మనిషివని తెలుస్తుంది. ఆఫీసు కిరాయి లాంటివి చాలా జూలు ఇవ్వవు, దానికోసం పట్టుబట్టకు.

రెండు కాగితాలు లేకుండా పంపకు. పాకాల అభయారణ్యం కాబట్టి లోపల అధ్యయనం చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, కనీసం దరఖాస్తు పెట్టిన రసీదైనా జత చెయ్యి. రెండోది ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింది కాగితం. విదేశీ డబ్బు తీసుకునే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో సొంత కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. అది లేకపోతే ఈ ఒక్క గ్రాంటు కోసం ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. డబ్బు పడేది ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. పెద్ద సంస్థ పేరు మీద తెప్పించుకుని మనం తీసుకుందాంలే అనుకోకు. 2020లో చట్టం మారాక అలా ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు. మాకు మంజూరైన డబ్బు ఒకసారి అలాగే పెద్ద సంస్థ ఖాతాలో ఉండిపోతే మేం ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఆ టెన్షన్ నీకొద్దు, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలో చేరి, వాళ్ల ప్రాజెక్టుగానే పెట్టు.

14 పేజీలు నాలుగుకు రావాలి. ఇంకొకటి, నీ బడ్జెట్ పైనుంచి కింది దాకా రెండుసార్లు చూశాను, ఆ గొర్ల కాపరికి ఒక్క రూపాయి కూడా కనబడలేదు. రోజు కూలి ఎంతో ఆయన్నే అడిగి వేసి, మళ్లీ పంపు.

మీ అన్న,
హన్మకొండ