గెట్‌తో కుస్తీ పడుతున్న మనవడికి

ఒరేయ్ చిన్నోడా,

ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు చదువుతూ డిక్షనరీలో 'గెట్' దగ్గర ఆగిపోయావని మీ అమ్మ చెప్పింది. ఆగిపోక ఏం చేస్తావులే, ఆ ఒక్క మాటకే పేజీలకు పేజీలు అర్థాలుంటే. అవన్నీ బట్టీ పట్టే పని పెట్టుకోకు. ముందు నీ తెలుగు వాక్యంలో 'నాకు' ఉందేమో చూడు.

నాకు జ్వరం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది, నాకు కొరియర్ అందింది, నాకు జోకు అర్థమైంది, నాకు కోపం వచ్చింది. మనకి వచ్చేది జ్వరం, వచ్చేది ఉద్యోగం, మనిషేమో ఊరికే 'నాకు' అంటూ ఓ పక్కన నిలబడి ఉంటాడు. ఇంగ్లీషువాడు ఆ మనిషిని లాక్కొచ్చి ముందు కూర్చోబెడతాడు. ఐ గాట్ ఎ ఫీవర్, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ ది జోక్, ఆఖరికి కోపమొచ్చినా ఐ గాట్ యాంగ్రీ. నీ నోటికి 'ఫీవర్ కేమ్ టు మీ' అని రావడానికి కారణం ఇదేరా.

ఇక మన 'పోయాను, పడ్డాను' ఉన్నచోట కూడా ఇదే పనికొస్తుంది. మోసపోయాడంటే గాట్ చీటెడ్, వానకి తడిసిపోయానంటే గాట్ వెట్, చేలు మునిగిపోయాయంటే ది ఫీల్డ్స్ గాట్ ఫ్లడెడ్. ఇంకొకళ్ల చేత చేయించుకున్నా ఇదే. సెలూన్‌కి వెళ్లొచ్చి 'ఐ కట్ మై హెయిర్' అన్నావనుకో, కత్తెర నువ్వే పట్టుకున్నావా అని ఇంటర్వ్యూలో ఎవరైనా నవ్వొచ్చు. ఐ గాట్ మై హెయిర్ కట్ అను.

ఇంతా చేస్తే ఈ మాట అచ్చంగా ఇంగ్లీషువాళ్లది కాదు. 9వ శతాబ్దంలో వైకింగులు, అంటే డెన్మార్క్, నార్వే వైపు నుంచి ఓడల్లో దండెత్తి వచ్చినవాళ్లు, ఇంగ్లండ్‌ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో దిగి అక్కడే వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయారు, వాళ్ల నార్స్ భాషలోని 'గెతా' నుంచి వచ్చింది ఇది, సంపాదించుకోవడమని దాని అర్థం. ఇంగ్లీషులోనూ దీని జ్ఞాతి ఒకటి ఉండేది గానీ ఫర్‌గెట్, బిగెట్ లాంటి మాటలకి తోకలాగే తప్ప విడిగా పెద్దగా తిరిగేది కాదు. పైగా అక్కడ గకారాన్ని యకారంలా పలికేవాళ్లు, 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి ఛాసర్ రాతల్లో ఫర్‌గెట్ 'ఫర్‌యెట్' లాగే కనిపిస్తుంది. ఇప్పుడు మనం పలికే గట్టి గకారం నార్స్ వాళ్ల చలవే.

మీ అన్నయ్య అమెరికా నుంచి ఫోన్‌లో 'గాటెన్' అంటే తప్పనుకుని వెక్కిరించకు. ఇంగ్లండ్ నుంచి ఓడెక్కినవాళ్లు పట్టుకెళ్లిన పాత రూపం అది. ఇంగ్లండ్‌లో తర్వాత వాడుక తగ్గింది, ఫర్‌గాటెన్‌లో మాత్రం అక్కడా మిగిలింది. నువ్వు గాట్‌తోనే సరిపెట్టుకో.

బండ్ల దగ్గర కాస్త జాగ్రత్త. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగినవాటికి, అంటే బస్సు, రైలు, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు, గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి దూరాల్సిన కారుకీ ఆటోకీ గెట్ ఇన్, గెట్ ఔట్. రావులపాలెంలో బస్సు దిగుతూ మనమంతా గెట్ డౌన్ అంటాం, మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది, కానీ లండన్‌వాడు మాత్రం గెట్ ఆఫ్ అంటాడు.

నోటితో మాట్లాడేటప్పుడు దీన్ని ఎంత వాడినా ఫరవాలేదు. కంపెనీకి పెట్టే దరఖాస్తులో మాత్రం తగ్గించి, ఉత్తరం అందితే రిసీవ్డ్ అని, డిగ్రీ తెచ్చుకుంటే అబ్టెయిన్డ్ అని రాయి. ఆదివారంలోపు నీ రోజువారీ సంగతులే ఓ పది వాక్యాలు గెట్ పెట్టి రాసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పెడతాను. కళ్లజోడు మార్చాను కాబట్టి చిన్న అక్షరాలైనా ఇబ్బంది లేదు.

మీ తాతయ్య