మొక్కా శిలీంధ్రమూ: ఒక పరిశోధక విద్యార్థినికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కలకూ శిలీంధ్రాలకూ మధ్య జరిగే వ్యవహారం మీదే పీహెచ్‌డీ చేయాలని నిశ్చయించుకున్నావనీ, అంశం మాత్రం తేలడం లేదనీ రాశావు. నీవు పంపిన అంశాలన్నీ మంచివే. అయితే వాటికన్నా ముందు తేల్చుకోవలసింది ఏ మొక్క, ఏ శిలీంధ్రం అన్నది. ఈ రంగంలో అంశాలు మారుతూ ఉంటాయి, పరికరాలు మారుతూ ఉంటాయి. ఎంచుకున్న జంట మాత్రం చాలామందికి ఉద్యోగ విరమణ వరకూ తోడుంటుంది. అందువల్ల ఆ జంటలో రెండింటినీ సమానంగా చదవడానికి సిద్ధపడి మరీ ఎంచుకో. నా సలహా ముఖ్యంగా ఇదే.

రెండింటిలో ఒకదాన్నే చూస్తే ఏమవుతుందో తెలియాలంటే, వరి అగ్గితెగులు అనే శిలీంధ్ర రోగానికి మన రైతులు చల్లే ట్రైసైక్లజోల్ మందు సంగతి చూడు. ఆకు మీద పడిన శిలీంధ్ర బీజం మొలిచి, నల్లని మెలనిన్ పూత ఉన్న చిన్న బుడిపెను కట్టుకుని, దానిలో 8 మెగాపాస్కల్ వరకూ పీడనం పెంచుకుని ఆకు పైపొరను చీల్చుకుపోతుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది ముప్పై రెట్లకు పైమాటే. ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, దాంతో బుడిపెకు ఆకును చీల్చే పీడనం చిక్కదు. అదే మందును తక్కువ మోతాదులో పెట్రి డిష్‌లోని అగార్‌లో, అంటే శిలీంధ్రాన్ని పెంచే జిగురు పదార్థంలో, కలిపి చూస్తే శిలీంధ్రం రంగు మారినా పెరుగుతూనే ఉంటుంది. డిష్‌నే నమ్మినవాడు ఈ మందు పనికిరాదని రాసి పక్కన పెట్టేసేవాడు. అది పనిచేసే చోటు ఆకు మీదే ఉంది.

జంటను ఎంచుకోవడంలోని తెలివికి హెరాల్డ్ ఫ్లోర్‌ను మించిన ఉదాహరణ నాకు తోచదు. అమెరికాలోని ఉత్తర డకోటాలో ఆయన అవిసె మొక్కనూ, దానికి వచ్చే తుప్పు తెగులునూ పట్టుకుని దశాబ్దాలు గడిపారు. గోధుమ నల్లతుప్పు లైంగిక దశకు బార్బెరీ అనే మరో మొక్క కావాలి. అవిసె తుప్పు మాత్రం జీవితచక్రమంతా అవిసె మీదే పూర్తి చేసుకుంటుంది. కనుక మొక్కను మొక్కతోనూ, శిలీంధ్రాన్ని శిలీంధ్రంతోనూ సంకరం చేసి, రెండువైపులా వారసత్వాన్ని లెక్కగట్టడం ఆయనకు సాధ్యమైంది. మొక్కలోని ఒక్కొక్క నిరోధక జన్యువుకు శిలీంధ్రంలో దానికి సరిజోడైన జన్యువు ఒకటి ఉంటుందన్న సిద్ధాంతం అలా వచ్చింది. మొక్కను మాత్రమే సంకరం చేసి ఉంటే అందులో సగమే తెలిసేది.

తెగుళ్లకన్నా మేలు చేసే శిలీంధ్రాల వైపే నీ మనసుందని నాకు అర్థమైంది. వేళ్లలో అల్లుకుని మొక్కకు భాస్వరం అందించి, బదులుగా పిండిపదార్థాలూ కొవ్వులూ తీసుకునే ఆర్బస్కులర్ మైకోరైజాను చదవాలంటే ఓపిక కావాలి. దాన్ని ఒంటరిగా డిష్‌లో పెంచలేవు. జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేళ్ల మీద కుండీల్లోనే నిలుపుకోవాలి. ప్రయోగశాలలన్నింటికీ ప్రియమైన అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్క ఈ స్నేహం చేయదు కనుక వరినో, చిక్కుడు జాతికి చెందిన మెడికాగోనో ఆశ్రయించాలి. అయినా ఈ దారిలో ఊహించని చోట్ల తలుపులు తెరుచుకుంటాయి. పంటల వేళ్ల మీద పరాన్నజీవిగా బతికే జొన్నమల్లె అనే కలుపు మొక్క విత్తనాన్ని మొలిపించే స్ట్రైగాల్ అనే పదార్థాన్ని 1966లో పత్తి వేళ్ల స్రావాల నుంచి వేరు చేశారు. తన మీద పరాన్నజీవిని లేపే పదార్థాన్ని ఏ మొక్క అయినా ఎందుకు విడుస్తుందన్న ప్రశ్న చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఆ కుటుంబానికి చెందిన పదార్థమే మైకోరైజా పోగులను కొమ్మలు వేయించే పిలుపు అని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. కలుపు మొక్కల శాస్త్రాన్ని కూడా చదువు. తోటివాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇక పని పద్ధతి. కుండీలకు పూర్తి మోతాదు భాస్వరం పోయవద్దు, పోస్తే మొక్క శిలీంధ్రాన్ని దగ్గరకు రానివ్వదు. శుద్ధి చేసిన మట్టిని కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసేందుకు మైకోరైజా లేని కుండీగా, వాడేటప్పుడు, శిలీంధ్ర బీజాలు లేకుండా వడకట్టిన మట్టి కడుగునీటిని అందులో తప్పక కలుపు. లేకపోతే బాక్టీరియా చేసిన మేలును కూడా మైకోరైజా ఖాతాలో రాస్తావు. వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరిగించి, వెనిగర్‌లో కలిపిన సిరాతో రంగు పట్టించి, డీఎన్ఏ క్రమాన్ని చదివే సీక్వెన్సింగ్‌కు పంపే ముందే సూక్ష్మదర్శినిలో నీ కళ్లతో చూడు. డీఎన్ఏ దొరికినంత మాత్రాన ఆ శిలీంధ్రం వేరులో పనిచేస్తున్నట్టు కాదు.

అడవిలో చెట్లు శిలీంధ్రపు దారాల మీదుగా మాట్లాడుకుంటాయన్న కథను నీవూ ఇష్టపడి ఉంటావు. 1997లో కెనడా అడవిలో బిర్చ్, డగ్లస్ ఫర్ చెట్ల మధ్య కార్బన్ మార్పిడిని కొలిచిన పరిశోధన గొప్పదే. కానీ అడవుల్లో ఇటువంటి వలల గురించి ప్రచారమైన మాటల్లో చాలావాటికి క్షేత్ర ఆధారాలు చాలవని ఆ రంగంలోని వారే 2023లో రాశారు. ఫెలోషిప్ దరఖాస్తులో ఆ కథతో మొదలుపెట్టవద్దు.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్యకన్నా, ఆ ల్యాబ్‌లో కల్చర్లు, అంటే పెంచి ఉంచుకున్న శిలీంధ్రాలు, ఎలా భద్రపరుస్తారో అడుగు. తెగులు శిలీంధ్రాన్ని అగార్ మీద పదేపదే మారుస్తూ పోతే రోగం కలిగించే శక్తి తగ్గిపోవచ్చు. కనుక ఏక బీజం నుంచి తీసిన కల్చర్‌ను వడపోత కాగితం ముక్కల మీద ఆరబెట్టి ఫ్రీజర్‌లో దాచే అలవాటున్న చోట చేరు. చేరిన మొదటి ఖరీఫ్‌లోనే పొలానికి వెళ్లి నీ నమూనాలు నీవే సేకరించు. ఊరు, రకం, తేదీ, ముందు వేసిన పంట, రైతు వాడిన ఎరువు అన్నీ సంచి మీదే రాయి.