ముసలితనం మాటలు చదివితే నడక తగ్గుతుందా?

ప్రశ్న: ముసలితనం మాటలున్న కాగితం ఇస్తే విద్యార్థులు నెమ్మదిగా నడిచారని పాఠంలో ఉంది. ఆ ప్రయోగం నిలబడలేదనీ అంటున్నారు. మా కాలేజీ వరండాలో 40 మందితో చేయొచ్చా?
– పీజీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: చేయండి, కానీ 40 మంది చాలరు. 1996లో అమెరికాలో జాన్ బార్ఘ్ బృందం 30 మందితో చేసింది. 9.75 మీటర్ల నడవ దాటడానికి ఆ మాటలు చూసినవాళ్లకు 8.28 సెకన్లు, చూడనివాళ్లకు 7.30 సెకన్లు పట్టింది. 2012లో బెల్జియంలో డోయెన్ బృందం 120 మందిని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో కొలిస్తే తేడా రాలేదు. ఎవరు నెమ్మదిస్తారో ప్రయోగం చేసేవాళ్లకు ముందే చెప్పి ఉంచినప్పుడు మాత్రం వచ్చింది! ఈ వాదనను బార్ఘ్ ఒప్పుకోలేదు.

అందుకని స్టాప్‌వాచ్ పట్టుకునేవారికి ఎవరికి ఏ కాగితం అందిందో తెలియకూడదు. వరండాకు రాని స్నేహితురాలితో కవర్లు అంటించి, నంబర్లు వేయించండి. గుంపుకు 20 మందైతే మధ్యస్థమైన తేడా (0.5, అంటే సగటుల తేడా ప్రామాణిక విచలనంలో సగం) నిజంగా ఉన్నా మూడుసార్లలో ఒక్కసారే దొరుకుతుంది. 80 శాతం సార్లు దొరకాలంటే గుంపుకు 64 మంది కావాలి. ఎంతమంది, ఎవరిని తీసేస్తారు, ఏ లెక్క కడతారు అన్నది ముందే రాసి గైడు దగ్గర తేదీతో పెట్టండి.

అసలు తంటా తెలుగులోకి మార్చడంలో ఉంది. ఆ కాగితంలో ఐదు మాటలిచ్చి నాలుగింటితో వాక్యం కట్టమంటారు. ‘అమ్మ, సంతకు, ఎర్రగా, నిన్న, వెళ్లింది’ అని ఇచ్చి చూడండి: ‘ఎర్రగా’ తీసేస్తే మిగతావి ఎలా పేర్చినా వాక్యమే, విభక్తులు దారి చూపించేస్తాయి. కనుక పనికిరాని మాటను సరిగ్గా ఏరితే మార్కు వేయండి. పాత జాబితాలోని ‘ఫ్లోరిడా’ రిటైరైనవాళ్లు చేరే చోటు, మన దగ్గర దానికి అర్థం లేదు. ‘పింఛను’, ‘నెరిసిన’ పెట్టొచ్చు. ‘చేతికర్ర’, ‘మెల్లగా’ మాత్రం వద్దు, అవి నేరుగా నడకనే గుర్తుచేస్తాయి. చివర్లో ‘ఇది దేనికోసం అనిపించింది?’ అని ప్రతి ఒక్కరినీ అడగండి. గుట్టు పట్టేసినవాళ్లు ఎందరో లెక్క ఉండాలి.

ప్రశ్న: అయితే ప్రైమింగ్ (ముందు చూసిన మాట తర్వాతి ఆలోచననో పనినో మార్చడం) అంతా బూటకమేనా?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: కాదు. ‘డాక్టర్’ తర్వాత ‘నర్సు’ను త్వరగా గుర్తుపడతామని 1971లో తేలింది, ఇప్పటికీ మళ్లీ మళ్లీ వస్తోంది. మాట నుంచి ప్రవర్తనకు దూకడం దగ్గరే గొడవ. ప్రొఫెసర్‌ గురించి తలచుకుంటే జనరల్ నాలెడ్జ్ మార్కులు పెరుగుతాయన్న 1998 ప్రయోగాన్ని 2018లో చాలా ల్యాబులు కలిసి మళ్లీ చేశాయి. ప్రధాన లెక్కలోకి వచ్చిన 4,493 మందిలో తేడా 0.14 శాతం పాయింట్లే.